వంత లేని పాట

మూడు రోజుల ప్రయాణానికి నాలుగు చీరలెందుకే అని రత్నమాణిక్యం అడిగితే తులసి వినిపించుకోలేదు. గుడ్డసంచిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చీరల్ని ఒక్కొక్కటే అడుక్కి అదుముతోంది. ఒంటి మీదిది కాక రత్నమాణిక్యానికి ఉన్నవే నాలుగు. అందులో ఒకటి పెళ్ళినాటిది, కట్టుకుంటే చిరిగిపోతుందని పదేళ్ళుగా ముట్టుకోనిది. అది కూడా సంచిలోకి వెళ్ళింది. దాని మీద దువ్వెన, కుంకుమ భరిణె, దగ్గుకి మిరియాల పొట్లం. ఆఖరికి దండెం మీది బొంత లాగి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"బొంత కూడానా? నన్ను కాశీకి పంపుతున్నావేంటే?"

"రైల్లో చలక్కా."

"ఫాల్గుణంలో చలేంటి? తాడేపల్లిగూడెం ఎంత, రెండు గంటల రైలు."

"ఉంచక్కా. ఎక్కడ పడుకోమంటారో ఏమో."

తులసి తలెత్తకుండా మాట్లాడుతోంది. రత్నమాణిక్యానికి తెల్లారిందగ్గర్నుంచీ అన్నం సయించలేదు. ఒక్కతే ఊరు దాటి ఎరగదు. ఒక్కతే నలుగురి ముందు నోరు విప్పి ఎరగదు. వెళ్ళనని చెప్పేద్దామా అని పొద్దుట్నుంచి నాలుగుసార్లు అనుకుంది. చెప్పడానికీ భయమే.

అరుగు మీద తంబుర తీగలు సవరిస్తున్న మొగుడు రామకోటి లేచి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అతను గొంతు పెంచే మనిషి కాదు. ఊళ్ళో అందరూ రామకోటి ఎంత నెమ్మదస్థుడో అంటారు.

"శుక్రవారం పెద్దింట్లమ్మ జాతర. పొద్దు వాలేసరికి కొల్లేటికోటలో కథ ఎత్తుకోవాలి. గుర్తుందా?"

"ఉందండి."

"వస్తావులే. తులసి ఇక్కడే ఉంటది కదా."

అని, తులసి కాళ్ళ వైపు చూసి, మళ్ళీ అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నాడు.

రామకోటి కథకుడు. కైకలూరు నుంచి గణపవరం దాకా అతని కథ వినని ఊరు లేదు. కాళ్ళకి గజ్జెలు కట్టి, తంబుర భుజాన వేసుకుని నడిమధ్య అతను నిలబడితే, కుడిపక్క రత్నమాణిక్యం, ఎడమపక్క తులసి, చంకలో గుమ్మెటలు వాయిస్తూ నిలబడేవారు. అతను ఒక చరణం పాడి ఊపిరి పీల్చుకోవాలి. ఆ ఖాళీలో పక్కనున్న ఇద్దరూ తందాన తాన అనాలి. అదే వంత. మరి వంత పాడేవాళ్ళు ఎప్పుడు పీల్చుకుంటారని ఎవరూ అడగరు. అతను పాడుతుండగా, పక్కవాళ్ళకి కూడా వినపడకుండా పీల్చుకోవాలి. ఇరవై ఏళ్ళుగా రత్నమాణిక్యం ఊపిరి కూడా దొంగతనంగానే తీసుకుంటోంది. వంత తప్పితే అతనేమీ అనడు. జనం వైపు నవ్వుతూనే ఒక అడుగు వెనక్కి వేసి, గజ్జెకాలి మడమతో వంతమనిషి కాలివేళ్ళ మీద నిలబడతాడు. చూసేవాళ్ళకి అది చిందు. తులసి ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు.

తులసిని తెచ్చింది పిల్లల కోసమని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. కాదు. అంతకుముందు ఎడమపక్క నిలబడే ఆడపడుచు కాపరానికి వెళ్ళిపోతే, వంతకి మనిషి లేకపోయింది. అత్తగారు వాకిట్లో చేపలు ఎండబోస్తూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. "మనిషిని పెట్టుకుంటే కథకింతని ఇచ్చుకోవాల. పెళ్ళాడితే కూడు పెడితే చాలు. నీకూ చేతికింద ఆసరాగా ఉంటది." అలా పదిహేనేళ్ళ తులసి వచ్చింది. వచ్చిన మొదటి నెల సవతిని చూసి ఏడ్చింది. రెండో నెల నుంచి సవతి పక్కన పడుకుని ఏడ్చింది. మూడో నెలకి అక్కా అంది.

పాటలన్నీ రత్నమాణిక్యం కట్టినవే. కథ మధ్యలో జనం కునుకు తీయకుండా పాడేవి. పొయ్యి ఊదుతూ కట్టింది, చేపలు తోముతూ కట్టింది, కావిడి నీళ్ళు మోస్తూ కట్టింది. రాయడం రాదు కనుక కట్టిన చరణం కట్టినట్టే తులసికి అప్పజెప్పేది. తులసికి ఒకసారి వింటే చాలు. పాట ముగింపులో మాత్రం రామకోటి మాట అని ఉండాలి. ఇంట్లో మొగుడి పేరు పలికితే నాలిక కాలుస్తాననే అత్తగారు, పందిట్లో వెయ్యిమంది ముందు కోడళ్ళిద్దరూ అదే పేరు రాగం తీసి పాడుతుంటే తల ఊపేది.

ఒకసారి కథకి తాడేపల్లిగూడెం నుంచి రాజ్యలక్ష్మి అనే పంతులమ్మ వచ్చింది. కథ అయ్యాక జనమంతా రామకోటి చుట్టూ మూగితే, ఆవిడ గుమ్మెటలు సర్దుకుంటున్న రత్నమాణిక్యం దగ్గరకొచ్చి, కొంగపాట ఎవరు కట్టారండీ అని అడిగింది. రత్నమాణిక్యం బెదిరిపోయి ఆయనే అంది. ఆవిడ కాసేపు చూసి, "నీళ్ళ బిందె ఏ చంకన బరువో మగాడికి తెలీదండీ. కట్టింది మీరే" అంది. నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. గ్రంథాలయం వార్షికోత్సవంలో రత్నమాణిక్యంగారు ఒక్కరే, వంత లేకుండా, తన పాటలు పాడాలని. కింద అధ్యక్షుడు గణపవరం నరసింహరాజుగారి సంతకం. రాజుగారి మాట కాదంటే ఆ చుట్టుపక్కల ఏడాది పొడుగునా కథ దొరకదు. రామకోటి ఉత్తరం రెండుసార్లు చదువుకుని, "వెళ్ళు" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెకి నిద్ర లేకుండా చేసింది.

సోమవారం పొద్దున్నే లంక రేవుకి పడవవాడు యోబు దోనె తెచ్చాడు. రేవు దాకా తులసే సంచి మోసింది. దోనె కదిలాక రత్నమాణిక్యం వెనక్కి తిరిగి చూసింది. తులసి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు.

"ఆ సంచిలో రాళ్ళేమన్నా ఉన్నాయా అమ్మా? దోనె ఒరుగుతోంది" అన్నాడు యోబు.

ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

గట్టెక్కి, నడిచి, ఏలూరు స్టేషన్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. టికెట్టు చేతిలో చెమటకి మెత్తబడిపోయింది. ఆడవాళ్ళ పెట్టెలో కూర్చుని ప్రతి స్టేషన్‌లోనూ ఇదేనా గూడెం, ఇదేనా గూడెం అని అడిగింది. భీమడోలులో ఎక్కిన ఒకావిడ, "మీవాళ్ళెవరూ రాలేదా?" అంది. "వెనక పెట్టెలో ఉన్నారండి" అని అబద్ధమాడింది. ఆ అబద్ధం ఆడాక నిజంగానే వెనక పెట్టెలో రామకోటి ఉన్నాడేమోనని భయం పట్టుకుంది. గూడెంలో దిగి, బండి కదిలి వెళ్ళిపోయేదాకా స్తంభం చాటున నిలబడింది.

రాజ్యలక్ష్మి ఒంటరిగా ఉంటుంది. పెళ్ళి కాలేదో, అయి మొగుడు పోయాడో రత్నమాణిక్యం అడగలేదు. ఆ ఇంట్లో అన్నానికి ఇద్దరూ కలిసే కూర్చున్నారు. తిన్నాక పంతులమ్మ కంచం పంతులమ్మే కడుక్కుంటుంటే, తనని ఏ తప్పుకో వెలివేసినట్టనిపించి రత్నమాణిక్యం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది. "రత్నమాణిక్యంగారూ, కాస్త పడుకోండి" అంటే, ఆ గారు ఎవరిని అన్నారోనని పక్కకి చూసింది.

మంగళవారం దీపాలు పెట్టేవేళకి పందిరి నిండిపోయింది. ముందు కుర్చీల్లో పెద్దలు, వెనక చాపల మీద ఆడవాళ్ళు, పిల్లలు. ఎదురుగా మైకు. రామకోటికి మైకు గిట్టదు. కోసు దూరం వినపడే గొంతు తనదనేవాడు. ఈమె ఆ ఇనుపముక్క ముందు నిలబడి, కుడికాలు కొంచెం వెనక్కి పెట్టుకుని, కొంగపాట ఎత్తుకుంది.

కొంగ కొల్లేటికొస్తే కూడు దొరికిందమ్మా
కోడలు గడపకొస్తే కూడు వండిందమ్మా

రెండో చరణం మధ్యలో అలవాటు కొద్దీ దొంగ ఊపిరి తీసింది. ఆ ఊపిరి నాలుగు మూలల కట్టిన నాలుగు హారన్లలోనూ పాము బుసలా వినపడింది. చాపల మీద పిల్లలు కిసుక్కుమన్నారు. మైకు మనిషి పరుగున వచ్చి, "కాస్త ఎడంగా ఉండండమ్మా, ఊపిరి వినపడతంది" అన్నాడు. ఆ మాట కూడా హారన్లలో వినపడింది. ఈసారి కుర్చీల్లో వాళ్ళూ నవ్వారు.

ఇరవై ఏళ్ళు దాచింది ఒక్క క్షణంలో ఊరంతా వినేసింది. పందిట్లో చీర జారిపోయినంత సిగ్గు ముంచుకొచ్చింది. కుడిపక్క చూసింది, ఎడమపక్క చూసింది. తులసి లేదు. తందాన అనేవాళ్ళు లేరు. ఎవరో మడమ ఎత్తుతున్నట్టు కాలివేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆగిపోతే ఇంటికెళ్ళాక ఏం చెప్పాలి? పాడేస్తే ఏం చెప్పాలి? అయినా చరణం నోట్లో ఉంది, బయటికి రావలసిందే.

కొంగకి రెక్కలున్నాయి కోరి పోతాదమ్మా

అంది, ఆగిపోయింది. ఇక్కడ వంత రావాలి. రాలేదు. పందిరి మొత్తం ఆమె కేసి చూస్తోంది. ఆ చూపుల మధ్య ఆమె మైకు దగ్గర నుంచి కదలకుండా, దాచకుండా, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. హారన్లన్నీ పీల్చుకున్నాయి. ఎవరూ నవ్వలేదు. చాపల మీద ఆడవాళ్ళలో ఒక ముసలమ్మ తనూ పైకే ఊపిరి తీసుకుంది.

తర్వాతి చరణం రామకోటి ఎప్పుడో మార్చేశాడు. కోడలికి మొగుడున్నాడు, కొదవ లేదోయమ్మా అని. ఏడేళ్ళుగా అదే పాడుతున్నారు. మొదట ఆమె కట్టింది అది కాదు. ఆ సంగతి తులసికి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

కోడలికి కాళ్ళున్నాయి, గడప తెలుసునమ్మా

పాడేసింది. ముగింపులో ఎవరి పేరూ పెట్టలేదు. చప్పట్లు వినపడ్డాయో లేదో ఆమెకి తెలియదు. దిగి వచ్చాక గంటసేపు పళ్ళు టకటకలాడాయి. రాజ్యలక్ష్మి బొంత తీసి కప్పింది.

బుధవారం పొద్దున తణుకు నుంచి ఒకరు, భీమవరం నుంచి ఒకరు వచ్చి, తమ ఊళ్ళోనూ పాడమని అడిగి వెళ్ళారు. "ఇక్కడే ఉండండి. వెనక గది ఖాళీగా ఉంది. మీ పాటలు నేను రాసిపెడతాను" అంది రాజ్యలక్ష్మి.

"వద్దండి. శుక్రవారం జాతర."

"మీకు వెళ్ళాలని ఉందా?"

రత్నమాణిక్యం ఇష్టాయిష్టాలు అడిగినవాళ్ళు ఎవరూ లేకపోవడం వల్ల, జవాబు ఎక్కడ ఉంటుందో వెతుక్కోవలసి వచ్చింది. "లేదండి. కానీ నేను వెళ్ళకపోతే ఆయన నన్నేం చేస్తాడు? నేను అక్కడ ఉండనుగా. దాన్ని చేస్తాడు. ఆ పాట సంగతి కూడా ఈపాటికి తెలిసే ఉంటది."

"తులసినీ తీసుకొచ్చేయండి."

"గుమ్మంలో కూర్చుంటాడండి ఆయన. ఇద్దర్నీ కలిపి ఎప్పుడూ దాటనివ్వడు."

గురువారం మధ్యాహ్నం ఏలూరులో దిగి, సంచి నెత్తిన పెట్టుకుని గట్టు దారి పట్టింది. ఒక్కో అడుగుకీ ఒక్కో మాట అనుకుంది. కాళ్ళు పట్టుకుంటాను. పాట మరిచిపోయి అలా పాడానంటాను. మైకు తప్పంటాను. నన్నే తొక్కమంటాను, దాన్ని వదిలెయ్యమంటాను. గట్టు చేరేసరికి యోబు దోనె కనపడింది. యోబు గడ నీళ్ళలో పాతి, దాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి ఎదురు రాలేదు.

"తులసి బాగుందా?" అంది, సంచి దించకుండానే.

"ఎక్కకండి అమ్మా" అన్నాడు యోబు.

ఆమె నెత్తి మీంచి సంచి జారింది. "ఏం చేశాడు?"

"ఏం చేయలేదండి. ఆయన జాతర పందిరి చూడ్డానికి కోటకెళ్ళాడు నిన్న. అత్తగారు నిద్రపోతన్నారంట. చిన్నమ్మగారు రేవుకొచ్చి, బాబాయ్, గట్టు దాకా దింపు అంది. చేతిలో మూట కూడా లేదండి. నేనే దింపాను."

"ఎక్కడికి?"

"అడిగానండి. చెప్తే ఆయన నీ నోట్లోంచి లాగేస్తాడు, వద్దు బాబాయ్ అంది. మీకొక మాట చెప్పమంది." యోబు తప్పుగా చెబుతానేమోనన్నట్టు నీళ్ళకేసి చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "నేనున్నానని అక్క తిరిగొస్తది. నేను లేనని చెప్పు. చెబితే ఆగిపోద్ది, అందండి."

"ఏ దారిన వెళ్ళింది?"

"ఏలూరు దారినేనండి. కుంటుకుంటా. మలుపు దాకా చూశాను. వెనక్కి చూడలేదు."

ఎండ వాలుతోంది. నీళ్ళ అవతల లంకలో ఏదో ఇంటి పొగ లేచింది. వంట పొద్దు. ఆ పొగ ఎవరి పొయ్యిదో అంత దూరం నుంచి తెలియదు. యోబు గడ పైకి లాగాడు.

"ఆయన అడుగుతాడండి, మీరొచ్చారా అని. ఏం చెప్పమంటారు?"

"నేను రాలేదని చెప్పు" అంది రత్నమాణిక్యం.

ఆమె సంచి ఎత్తుకుని వచ్చిన దారినే తిరిగింది. ఏలూరులో రెండు రోజులు సత్రాలూ, స్టేషనూ, మిల్లు గేట్లూ వెతికింది. తర్వాత గూడెం వెళ్ళింది. ఆపైన పాతికేళ్ళు ఒంటరిగా పాడింది. తణుకులో, భీమవరంలో, నల్లజర్లలో, పేరు తెలియని ఊళ్ళలో. ఎక్కడ పాడినా ముందు చాపల మీద ఆడవాళ్ళ మొహాలన్నీ వరసగా చూసుకునేది. చూడటానికి ప్రతిసారీ భయపడేది. చూడకుండా ఒక్కసారీ పాడలేదు.

తులసి మళ్ళీ రాలేదు. రామకోటి ఇంటికీ రాలేదు, రత్నమాణిక్యం దగ్గరకీ రాలేదు. తులసి వెళ్ళింది పంతొమ్మిది వందల యాభై నాలుగు, మార్చి పదో తేదీ, బుధవారం.