లెక్కల్లో తప్పిన పిల్ల

నాట్లు వేస్తూ పక్క ఊరి గంగులు పెళ్ళాం ఆ మాట ఎత్తకపోతే దేముడమ్మకు ఎప్పటికీ తెలిసేది కాదు.

"మా ఆడబిడ్డ కూతురు శనోరం సమితి ఆఫీసులో పరీచ్చ రాస్తాదొదినా. ఐదులో బాగా సదివేవోల్లని బడిబడికీ ఏరి పంపమన్నారట. నెగ్గితే హైస్కూలు, హాస్టలు అన్నీ గవర్నమెంటే సూసుకుంటాది. మీ బడినించి ఎవులూ లేరేటి?"

"లేకేటి? మా పద్మ లేదా?" అనేసి నాలిక్కరుచుకుంది దేముడమ్మ.

పద్మ కిందటేడు ఐదులో తప్పింది. లెక్కల్లో పోయిందని మాస్టారే కబురు పెట్టారు. ఆ రోజు చీపురు విరిగేదాకా కొట్టింది కూతుర్ని. "నాను తప్పలేదే అమ్మా" అని అది ఏడుస్తుంటే, పైగా అబద్ధమా అని ఇంకో రెండు వేసింది.

అయినా అడిగి చూద్దామని, నారుకట్ట గట్టు మీద పడేసి, మోకాలిలోతు బురద కాళ్ళతోనే బడికి నడిచింది.

ఒక్క గది, ఒక్క మాస్టారు, ఐదు తరగతులు. భావనారాయణ మాస్టారు వరండాలో కూర్చుని ఉత్తరాల మీద ముద్రలు కొడుతున్నారు. ఊరి పోస్టాఫీసు కూడా ఆయనదే. లోపల, నల్లబల్ల పక్కన బెత్తం పట్టుకుని పద్మ. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తోందనే ఇన్నాళ్ళూ అనుకుంది తల్లి. మాస్టారికి సాయం చేస్తోందని మురిసి చిక్కుడుకాయలు కూడా పంపింది. ఇప్పుడు చూస్తే పద్మ ముందున్నవి ఐదో తరగతి పిల్లల పలకలు.

"ఒరే అప్పలసూరీ, బిన్నాల్లో పైవి కూడితే సరా? కిందవి సమానం సెయ్యద్దేటి? బేగి దిద్దు."

దేముడమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మేస్టారూ, లెక్కల్లో తప్పిన గుంట లెక్కలెలాగ సెప్తన్నాది?"

ఆయన తలెత్తలేదు. "ఇంకో ఏడుంటే పునాది గట్టిపడుతుందని..."

"తప్పిందా, నేదా?"

ఠపఠపమంటున్న ముద్ర ఆగింది. "ఏం చెయ్యమంటావు దేముడమ్మా? అరవైమంది. రెండో మాస్టారు కావాలని నాలుగేళ్ళుగా అర్జీలు పెడుతున్నాను, పలికే నాథుడు లేడు. అది వెళ్ళిపోతే ఈ బడి నడవదు."

"పరీచ్చకి దాని పేరు రాసినారా?"

"ఎవరూ లేరని రాసేశాను. అదిగో, సంచిలో పడిపోయింది. సీలు కూడా వేశాను."

దేముడమ్మ వెళ్ళి ఆ టపాసంచి మీద బురదచీరతో చతికిలబడింది.

"లే! అది సర్కారు సంచి. టపా మోసే రన్నరు సోములు వచ్చే వేళయింది!"

"రానీ. నా గుంటని ఏడాదిపాటు ఉత్తపున్నేనికి వాడుకున్నావు. నీ మాట నమ్మి దాని ఈపు సీరేసినాను నాను. అది నిజం సెప్తే అబద్దమని కొట్టినాను. సోములుకీ సెప్తాను, సమితికీ సెప్తాను. నాను లేవను."

అంతవరకూ మాస్టారిని ఆమె ఎన్నడూ నువ్వు అనలేదు.

దూరంగా సోములు కర్రకు కట్టిన గజ్జెల చప్పుడు వినబడింది. మాస్టారు చెమట తుడుచుకుని సంచి కోసం చెయ్యి చాపారు. ఆమె లేచి అందించగానే తాడు కోసి, ఉత్తరం బయటికి లాగి చింపి, మరో కాగితం రాశారు.

"పద్మా, ఇటు రావే. ఏటి రాసినారో సదువు," అంది దేముడమ్మ.

పద్మ చదివింది. "పద్మకుమారి, ఐదవ తరగతి. లెక్కలలో మిక్కిలి ప్రజ్ఞ గల బాలిక."

ఆ పిల్ల ముఖంలోకి చూడలేక దేముడమ్మ తల తిప్పుకుంది.

ఆ కాగితంతో మళ్ళీ సీలు వేసిన సంచిని సోములు భుజాన వేసుకుని వెళ్ళాక, పద్మ అలవాటుగా బల్ల దగ్గరికి పోబోయింది. తల్లి దాని చేతిలోని బెత్తం లాక్కుని మాస్టారి ముందు పడేసింది.

"ఎల్లి వరసలో కూకో. ఈయన సెప్తారు."

భావనారాయణ మాస్టారు సుద్దముక్క తీసుకుని బల్ల ముందు నిలబడ్డారు. పలకలు పట్టుకుని అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"పద్మా, భిన్నాలు ఎంతవరకూ అయ్యాయి?"