నర్సు కోడలు

అత్తగారి కింద తడిసిన దుప్పటి లాగుతుంటే బహ్రోమ్ గుమ్మంలో నిలబడి, "నీ క్లాసు పిల్లల్ని ఒకరోజు మనింటికి తీసుకురారాదూ? బొమ్మ మీద ఎంతకాలమని నేర్చుకుంటారు పాపం!" అన్నాడు.

రోబియా చేతిలో దుప్పటి సగంలోనే ఆగిపోయింది. తన ఉద్యోగం గురించి మొగుడు ఒక మంచి మాట అనడం ఆమె ఎన్నడూ వినలేదు. "నీ స్కూలు పిచ్చి" అనేవాడు. "నలుగురు ఆడపిల్లలకి సూది గుచ్చడం నేర్పితే అది కూడా ఉద్యోగమేనా" అనేవాడు. ఇంటికి వచ్చిన అతిథుల ముందు, "మా ఆవిడ డాక్టరవబోయి దారి తప్పింది" అని నవ్వించేవాడు. నిజానికి దారి తప్పించింది అతని తల్లే. పెళ్ళయిన కొత్తలో ఆ అత్తగారు సలోమత్ కోడలి డాక్టరు చదువు పుస్తకాలు తీసుకెళ్ళి రొట్టెల పొయ్యిలో పెట్టింది. "ఇక్కడికి చదవడానికి వచ్చావా, కాపురానికి వచ్చావా?" అంది. ఆవిడ ఇప్పుడు కుడి పక్క మొత్తం చచ్చుబడి, బరువైన దేహంతో మంచాన పడి ఉంది. నోట్లో మిగిలిన రెండు మూడు మాటల్లో ఒకటి "కోడలా". అది అరుపో ఏడుపో తెలియని గొంతుతో తెల్లవారింది మొదలు వినిపిస్తూనే ఉంటుంది.

"ఏం, పలకవేం? అమ్మకీ కాస్త సందడిగా ఉంటుంది" అన్నాడు బహ్రోమ్.

"తీసుకొస్తాను" అంది రోబియా. ఆ పూట గిన్నెలు కడుగుతూ ఆమె కూనిరాగం తీసింది. ఎంత కరువులో ఉంటే మనిషి అంత చిన్న మాటకి పొంగిపోతుందో!

కోకంద్ పట్నంలోని నర్సింగ్ స్కూల్లో ఆమెది ప్రాక్టికల్స్ క్లాసు. స్కూలుకి విదేశాల నుంచి వచ్చిన ప్లాస్టిక్ మనిషి ఉన్నాడు గానీ, పాడవుతాడని ప్రిన్సిపాల్ తన గదిలో కవరు తొడిగి నిలబెట్టాడు. తనిఖీలు వచ్చినప్పుడు మాత్రం దుమ్ము దులుపుతారు. అందుకని రోబియా పాత బొంతల్లోని పత్తి పీకి, మనిషంత బొమ్మ కుట్టింది. బరువు రావాలని కాళ్ళలో ఇసుక పోసింది. పిల్లలు దానికి పత్తమ్మ అని పేరు పెట్టారు. పత్తమ్మని తిప్పుతారు, పత్తమ్మకి స్నానం చేయిస్తారు, పత్తమ్మ జబ్బకి సూది గుచ్చుతారు. మిఠాయి డబ్బాల అట్టలు కత్తిరించి ముక్కలు చేసి, ఒక పక్క రోగం లక్షణం, రెండో పక్క చెయ్యాల్సిన పని రాసిచ్చింది. బస్సులో వస్తూ పోతూ ఒకరినొకరు ప్రశ్నలు అడిగి చూసుకోవడానికి. మందు ఇచ్చేముందు సరిచూసుకోవాల్సినవి ఎవరికీ గుర్తుండకపోతే, "యార్ యార్" అని వంత పలికే పెళ్ళిపాట బాణీలో పాట కట్టింది:

*సరైన మనిషేనా యార్ యార్, సరైన మందేనా
కొలతా వేళా సరిచూసీ యార్ యార్, చెయ్యి చాచు చెల్లెలా*

పిల్లలు పడీ పడీ నవ్వారు, కానీ పరీక్షలో ఒక్కరూ తప్పలేదు. "ఇది స్కూలా, పెళ్ళిపందిరా?" అని ప్రిన్సిపాల్ కసిరాడు. మరుసటి ఏడు ఆ పాట అచ్చువేయించి కొత్తవాళ్ళకి పంచాడు. కింద ఎవరి పేరూ లేదు. వాళ్ళ భాషలో నర్సుని హమ్‌షిరా అంటారు. ఒకే తల్లి పాలు తాగినది, తోబుట్టువు. తోబుట్టువు చేసిన దానికి పేరేమిటి, లెక్కేమిటి?

అయినా పత్తమ్మకి సిగ్గు లేదు, నొప్పి లేదు. ముట్టుకుంటే ఉలిక్కిపడదు. ఆ లోటు రోబియాకి తెలుసు. అందుకే మొగుడి మాట ఆమెకి అంత తియ్యగా తగిలింది. పెళ్ళైన కొత్తలో కూడా ఒకసారి అతను ఇలాగే గుండెకి హత్తుకునే మాట అన్నాడు. పెళ్ళికి ముందు, మామగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆమె ఆ వార్డులోనే శిక్షణలో ఉండేది. "మా నాన్నకి నువ్వు అన్నం పెడుతుంటే చూశాను. అప్పుడే అనుకున్నాను, ఈ చేతులు నాకు కావాలని" అన్నాడు. పుస్తకాలు బూడిదైన రోజునా, జ్వరంతో బట్టలుతికిన రోజునా, ఆ ఒక్క మాటనీ చప్పరించుకుంటూ బతికింది. నన్ను చూసి, ఇష్టపడి తెచ్చుకున్నాడు. ఎంతమందికి దక్కుతుంది ఆ భాగ్యం అనుకుంది.

క్లాసు పిల్లలు నలుగురు ఇంటికి వచ్చారు. ద్రాక్షపందిరి కింద చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, భయం భయంగా గదిలోకి నడిచారు. ఒకమ్మాయి వాసనకి ముక్కు మూసుకుంది. ఒకమ్మాయి గోడకి అంటుకుపోయింది. ఇరోదా అనే పిల్ల మాత్రం తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, వంగి, ముసలావిడ కళ్ళలోకి చూసింది. మార్గిలాన్‌లో పట్టు నేసేవాళ్ళ అమ్మాయి.

"బామ్మా, నా పేరు ఇరోదా. మీ భుజం కింద చెయ్యి పెడతాను. నొప్పి పుడితే కళ్ళు మూయండి, ఆపేస్తాను. సరేనా?"

సలోమత్ ఆ పిల్లని వింతగా చూసింది. చాలాకాలంగా ఆవిడని ఎవరూ ఏదీ అడగలేదు. రోబియా కూడా అడగదు. క్లాసులో బల్ల గుద్ది మరీ చెప్పే పాఠం ఇంట్లో పాటించనందుకు ఆ క్షణంలో ఆమెకి సిగ్గేసింది. తరవాత ఆ సిగ్గు మీదే కోపం వచ్చింది. ఉదయం నుంచి చాకిరీ చేసే మనిషికి మర్యాద కూడా మిగిలి ఉండాలా?

అప్పుడు చూసింది, వసారాలో పెద్దత్తగారు హఫీజా కూర్చుని ఉంది. సలోమత్ అక్కగారు. కొత్త పట్టు గౌను, ముందు పళ్ళెం నిండా మిఠాయి. కిటికీలోంచి గదిలోకి ఒకటే చూపు.

"ఇటు రావే రోబియా! ఆ జడకుచ్చుల పిల్ల ఎవరమ్మాయి?"

"మార్గిలాన్ పిల్ల. ఎందుకు పెద్దత్తయ్యా?"

"నడుం గట్టిది. గొంతు నెమ్మది. వాసనకి మొహం చిట్లించలేదు. ఆ పొడుగుది ఉంది చూడు, ముక్కు మూసుకుంది, అది పనికిరాదు."

"దేనికి పనికిరాదు?"

"దేనికేమిటే వెర్రి మొహమా! మన ఎల్యోర్‌కి. బహ్రోమ్ నీకు చెప్పలేదూ? నీ మరిది పండక్కి మాస్కో నుంచి వస్తాడు, పెళ్ళి చేసుకుని మళ్ళీ పోతాడు. పిల్ల ఇక్కడే ఉంటుంది. నీకు చేదోడు, మా చెల్లికి తోడు."

హఫీజా రోబియా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ముద్దుగానే చెప్పింది, దాపరికం ఏమీ లేకుండా.

"నా చూపు తప్పదే. నిన్ను ఏరింది కూడా నేనేగా! మీ మామ ఆసుపత్రిలో పడుంటే నువ్వు చెంచాతో పులుసు పోస్తున్నావ్. మీ అత్త, 'లేనివాళ్ళ పిల్ల' అని మూతి తిప్పింది. మీ ఆయనేమో ఆ టైలరుగారమ్మాయే కావాలని అన్నం మానేశాడు. నేనే బుద్ధి చెప్పాను. 'ఒరేయ్, దాని అందం పూస్తే మీ నాన్న వీపు మీద పుళ్ళు మానతాయిట్రా? నర్సుని తెచ్చుకో, ఆసుపత్రే ఇంటికి నడిచొస్తుంది' అన్నాను. నా మాట నిజమైందా లేదా?" అని తొడ చరుచుకుని నవ్వింది.

గదిలో ఇరోదా ముసలావిడ దవడ మీద కారిన చొంగ తుడుస్తోంది. రోబియా కూర్చున్న చోటే కూర్చుండిపోయింది. ఈ చేతులు నాకు కావాలి అన్నాడు. ఆ మాటలో అబద్ధమేముంది? చేతులే కావాలన్నాడు. మిగతా మనిషిని కలుపుకున్నది తనే.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు టీచర్? పత్తమ్మ కన్నా ఈ బామ్మే నయం, కళ్ళతో మాట్లాడుతుంది!" అంటూ పిల్లలు మిఠాయి తిని వెళ్ళారు.

బహ్రోమ్ టీ తాగుతూ తనే కదిపాడు. "పిల్ల పెద్దమ్మకి నచ్చిందట. వాళ్ళమ్మ వాకబుకి నీ దగ్గరికే వస్తుంది. నాలుగు మంచి ముక్కలు చెప్పు."

"టైలరుగారమ్మాయి ఇప్పుడెక్కడుంది?"

అతను టీ గిన్నె కింద పెట్టాడు. "పాత గొడవలు ఇప్పుడెందుకు? నీకేం తక్కువ చేశాం? నీ నడుం నొప్పి చూడలేకే కదా ఈ ఏర్పాటు!"

ఆ మాట ఆమెని వదల్లేదు. నడుం నొప్పి నిజమే. దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోకపోలేదు. ఒక్క ఉదయం, ఒకే ఒక్క ఉదయం, ఎండ మొహాన పడేదాకా నిద్రపోవడం. "కోడలా" అని అరిస్తే వేరే కోడలు లేవడం. ఆ సుఖం తలుచుకుంటే నోరూరింది. ఇరోదా మంచిపిల్ల, చేస్తుంది. నోరెత్తదు, తను ఎత్తిందా? ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి ఆమెకి తన గొంతులో హఫీజా గొంతు వినిపించింది. నడుం గట్టిది, గొంతు నెమ్మది. నేర్పింది తనే కదా ఆ నెమ్మది! పిల్లలకి పాటలు కట్టి, అట్టలు కోసి, బొమ్మలు కుట్టి, చివరికి ఎవరి మంచాల పక్కకి తయారుచేస్తోంది తను?

ఇరోదా తల్లి ఓయ్షా స్కూలుకి వచ్చింది. పట్టు రంగులు గోళ్ళలో ఇంకిపోయిన చేతులతో రొట్టెల మూట పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నువ్వు ఆ ఇంట్లోనే ఉంటున్నావు. మా పిల్లకి నువ్వంటే దేవుడే. నువ్వు సరే అంటే మేం కళ్ళు మూసుకుని ఇస్తాం. ఇల్లు ఎలాంటిది?"

ఇలాంటప్పుడు ఆ ఊళ్ళో ఎవరైనా చెప్పే జవాబు ఒక్కటే: బంగారం లాంటి ఇల్లు. సంబంధం చెడగొట్టిన నోటిని ఏడు వీధులు తిడతాయి. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుకి ఏం చెబుతుందో రోబియా తలుచుకుంది. పొగడ్త ఉండదు, తిట్టు ఉండదు. ఉన్నది ఉన్నట్టు అప్పగింత. పెళ్ళిలో అప్పగింతలకి పిల్లని అప్పజెబుతారు, ఇక్కడ నిజాన్ని అప్పజెప్పాలి. ఒక్క ముక్క దాచినా తరవాత వచ్చినదాని మెడకి చుట్టుకుంటుంది.

"మా అత్తగారికి పక్షవాతం. లేవలేదు, మాట రాదు. బరువైన మనిషి. వీపు మీద పుండు పడకుండా రాత్రీ పగలూ పక్కలు మార్చాలి. ఇద్దరు మనుషులు చెయ్యాల్సిన పని, నేనొక్కదాన్నే చేస్తున్నాను. కొడుకులు ముట్టుకోరు. పెళ్ళయ్యాక మా మరిది మాస్కో వెళ్ళిపోతాడు. మీ పిల్ల మొగుడితో కాదు, మంచంతో కాపురం చేస్తుంది. చదువు పూర్తి చేయనిస్తామంటారు. నాకూ అలాగే అన్నారు. తిండికి లోటు లేదు. చెయ్యి చేసుకోరు. ఇదీ ఇల్లు."

ఓయ్షా రొట్టెల మూట పక్కన పెట్టింది. "నీ పెళ్ళప్పుడు మీ అమ్మకి ఎవరూ ఇలా చెప్పలేదా తల్లీ?" అంది.

రోబియా తల అడ్డంగా ఊపింది. అంతదాకా ఆగిన కళ్ళనీళ్ళు అప్పుడు వచ్చాయి.

సంబంధం అడగడానికి వెళ్ళిన పెళ్ళివాళ్ళని ఓయ్షా వాళ్ళు ఒప్పుదల గుర్తుగా రొట్టె విరవకుండానే వెనక్కి పంపేశారు. హఫీజా వసారాలో నిలబడి, "పాముకి పాలు పోశాం" అని పందిరి అదిరేలా అరిచి పోయింది. తెల్లవారి రోబియా అత్తగారికి జావ పట్టించి బయటికి వచ్చేసరికి బహ్రోమ్ అడ్డంగా నిలబడ్డాడు.

"మా పరువు వీధిన పెట్టావు. సరే. నీకేం ఒరిగింది? వచ్చే సాయం నువ్వే కాలదన్నుకున్నావు. చావు, ఒక్కదానివే చేసుకుని చావు."

"సాయం నాకు కాదు, అత్తయ్యకి కావాలి. ఆవిడకి ఇద్దరు కొడుకులున్నారు."

బహ్రోమ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "మతి పోయిందా? మగవాడు తల్లి ఒంటి మీద చెయ్యి వేస్తాడా? ఊరు నవ్వదూ?"

"పందొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మీ నాన్నగారి ఒళ్ళంతా నేను కడిగాను. అప్పుడు నవ్వలేదే ఊరు! మంచి కోడలంది."

లోపల్నుంచి పిలుపు వినిపించింది, "కోడలా".

రోబియా గదిలోకి వెళ్ళింది. రోగిని అడ్డం పెట్టుకుని పంతం పట్టే మనిషి కాదు ఆమె. మంచానికి ఒక పక్కన నిలబడి, సలోమత్ భుజం కింద చెయ్యి జొనిపింది. రెండో పక్కకి పోలేదు. మంచం ఆవలి పక్క ఖాళీగా ఉంది. ముసలావిడ చూపు కోడలి మొహం మీంచి గుమ్మం వైపు కదిలింది.

పెళ్ళయిన నాటి నుంచి మొగుణ్ణి "ఏవండీ" అని తప్ప ఆమె పిలిచింది లేదు. తల తిప్పకుండా, మొదటి ఏడాది పిల్లలతో మాట్లాడే గొంతుతో అంది:

"చేతులు కడుక్కుని రా, బహ్రోమ్."