నక్షత్రం గుర్తున్న అంశం

నాకు నోరెక్కువని, యూనివర్సిటీకి ముందు రెండేళ్ళు చదివే మా సిక్స్త్ ఫాం కాలేజీ అంతా చెప్పుకుంటుంది. ఆ నోటిని నమ్మే టామ్సిన్ నన్ను ఎన్నికల్లో నిలబెట్టింది. పోస్టర్లు తనే గీసింది. క్యాంటీన్‌లో చిప్స్ తింటున్నవాళ్ళను కూడా వదలకుండా ఓట్లడిగింది. నేను గెలిచాను. కాలేజీ పాలకవర్గంలో విద్యార్థుల తరఫున ఉండే ఒక్క కుర్చీ నాదైంది.

టామ్సిన్‌ది కొండ మీద ఊరు. వాళ్ళమ్మ తనంతట తాను మంచం దిగలేదు. ఆమెకు ఒళ్ళు తుడిచి, ఓట్స్ జావ తినిపించి, టామ్సిన్ కాలేజీ బస్సు అందుకుంటుంది. ఆ దారిలో ఇంకో బస్సు లేదు. ఈస్టర్ తర్వాత దాన్ని ఆపేస్తారని తెలిసింది.

"బస్సు పోతే నా చదువు అయిపోయినట్టేనే రోనా."

"నేనుండగా ఎలా ఆపుతారో చూస్తా. మాట్లాడటానికి నాలుగు పేజీలు రాసుకున్నా."

"నాలుగా! పాపం, ముసలాళ్ళు నిద్రపోతారే."

పాలకవర్గ సమావేశం కాగితాలు వారం ముందే వచ్చాయి. పదకొండో అంశం బస్సు రద్దు. పక్కన చిన్న నక్షత్రం గుర్తు. ముఖ్యమైనది కాబట్టి పెట్టారనుకున్నాను. ఎవరినైనా అడగవచ్చు. కానీ ప్రతినిధినై ఉండి ఇంత చిన్న సంగతి అడగడమేమిటని నా బింకం.

సమావేశం మొదలవగానే అధ్యక్షురాలు పిల్లింగ్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నక్షత్రం ఉన్నవాటిని ఎప్పట్లాగే చర్చ లేకుండా కలిపి ఆమోదిద్దాం. అభ్యంతరాలేవీ ముందుగా రాలేదు. చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. మొదటిరోజు మర్యాద తప్పకూడదని నేనూ ఎత్తాను. తర్వాత పేజీలు ఒళ్ళో పెట్టుకుని నా వంతు కోసం చూశాను. పదో అంశం అయ్యాక పన్నెండోది అన్నారు.

"మేడమ్, పదకొండు?"

"అది మొదట్లోనే అయిపోయిందమ్మా. నువ్వూ చెయ్యెత్తావుగా. అభ్యంతరముంటే మూడు రోజుల ముందే రాసి పంపాలి."

ఆమె వెటకారంగా అనలేదు. అంటే తిరిగి ఏదైనా అనేదాన్ని. నాలుగు పేజీలూ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు టామ్సిన్ బస్సు దిగుతూనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే? గట్టిగా వాయించావా?"

"మాట్లాడాను. వినలేదు," అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

టామ్సిన్ నన్ను వాటేసుకుంది. "పోనీలే. అంతమంది పెద్దాళ్ళతో నాకోసం పోట్లాడావు. అమ్మకి చెప్తా."

రెండు వారాలకు ఆ సమావేశం నివేదిక లైబ్రరీ గోడకెక్కింది. బస్సు రద్దుకు ఏకగ్రీవ ఆమోదం. హాజరైనవారిలో నా పేరు.

బస్సు ఆఖరి రోజున టామ్సిన్ పుస్తకాలన్నీ తిరిగిచ్చేసి గేటు దగ్గరికి వచ్చింది. నా చేతిలో ఒక కేకు డబ్బా పెట్టింది.

"అమ్మ చెయ్యమంది, నీకు థ్యాంక్స్ చెప్పడానికి."

"టామ్సిన్, నేను..."

"లైబ్రరీ గోడ మీద చదివాన్లే. అమ్మకి మాత్రం చెప్పలేదు. నా తరఫున ఒక్కరైనా నిలబడ్డారని ఆవిడ సంతోషంగా ఉంది," అని బస్సెక్కింది.