యాభై ఆరు పళ్లు

తెల్లారేసరికి పలకల గని పొడి మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

గుమ్మం మీద. నీళ్ల కుండ మూత మీద. దండెం మీది చీరల మీద. మెత్తగా, బూడిద రంగులో — మార్కాపురం ఊపిరి లాగా.

ఖుర్షీద్ బేగం అన్నిటినీ గుడ్డతో తుడుస్తుంది. గడియారాన్ని మాత్రం తుడవదు. ఊదుతుంది.

అది బాగుకు వచ్చిన మసీదు గడియారం. ఇనుప చట్రం, ఇత్తడి చక్రాలు, తాడుకు వేలాడే రాతి బరువు. నవాబుల నాడు ఏ సముద్రం అవతల నుంచో వచ్చిందంటారు. రెండు వందల ఏళ్లని కొందరు, మూడు వందలని కొందరు. చేసినవాడి పేరు మాత్రం ఎవరూ చెప్పలేరు.

పెద్ద చక్రంలో మూడు పళ్లు విరిగాయి. ఆగిపోయింది.

ముప్పై ఏళ్లుగా గడియారాలు బాగుచేసిన ఆమె భర్త బుడే సాహెబ్ కళ్లకు ఇప్పుడు పొర వచ్చింది. వెలుగు కనపడుతుంది. పళ్లు కనపడవు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయాక వచ్చిన మొదటి ఎండాకాలం. గడియారాన్నీ అక్కడికే పంపుదామన్నాడు మసీదు పెద్ద హజరత్ వలి. రంజాను నెలవంక దాకా ఆగమని బుడే సాహెబ్ బతిమాలాడు.

ఖుర్షీద్ చేసిన కొత్త చక్రం తిరిగితే, దుకాణంలో ఆయన పనిపీట ఇక ఆమెది.

తిరగకపోతే — దుకాణం మూత.

“కుడి చేత్తో పట్టు,” అన్నాడు బుడే సాహెబ్ మొదటి రోజే. “మసీదు సామాను అది.”

ఆమెది ఎడమ చేతివాటం. చిన్నప్పుడు అమ్మీ గరిటెతో కొట్టి మాన్పించింది. అప్పటి నుంచి ఆ చెయ్యి కొంగు చాటునే బతికింది… బిడ్డల్ని ఎత్తుకుంది, కుండను ఆనించింది, ఎప్పుడూ ముందుకు రాలేదు.

నేర్పడానికి ఆయన మాటలున్నాయి. చూపడానికి ఆయన కళ్లు లేవు.

విరిగిన చక్రం ఉంది.

ఆమె దాన్ని చదవడం మొదలుపెట్టింది.

నడిమధ్య చిన్న గుంట — వృత్తం గీసేటప్పుడు ముల్లు గుచ్చిన చోటు. పళ్ల అడుగున, చుట్టూ, వెంట్రుకంత గీత — ఇంత లోతు దాకానే కోయాలని చేసినవాడు తనకు తాను గీసుకున్న హద్దు. వెనకవైపు సుత్తి దెబ్బలు, వానచినుకులు పడ్డ ఇసుక లాగా — ఇత్తడిని కొట్టి కొట్టి గట్టిపరిచాడు.

ఆమె కూడా కొట్టింది. అత్త వాడిన మందపాటి ఇత్తడి పళ్లెం. రెండు రోజులు కొట్టింది.

పళ్లు లెక్కపెట్టింది. యాభై ఆరు. ఏడు ఎనిమిదులు.

ఎనిమిది సులువు. సగం, సగంలో సగం, అందులో సగం. ఏడు అట్లా లొంగదు. చిన్న చక్రం మీద ఏడు భాగాలు చేయబోతే చివరిది ఎప్పుడూ లావుగానే మిగిలింది.

గనిలో పనిచేసే చెంచులక్ష్మిని అడిగి, పగుళ్లిచ్చిన పెద్ద పలకరాయి ఒకటి తెప్పించుకుంది. పెరట్లో పరిచింది. దాని నిండా పెద్ద వృత్తం గీసింది. రెండు మేకులు దిగ్గొట్టిన కర్రతో వృత్తం వెంట అడుగులు వేయించింది. ఏడో అడుగు మొదటి చుక్కను దాటిపోయింది. మేకు జరిపింది. ఏడో అడుగు చాల్లేదు. మళ్లీ జరిపింది…

“ఏంది బీబమ్మా, రాతి మీద ముగ్గేస్తుండావ్? మీ పండక్కి గూడ ముగ్గులుండాయా?”

“ముగ్గు కాదు లక్ష్మీ, గడియారం.”

“గడియారమా! ఇంత బండ మోసుకొచ్చి నడుము పడిపోయింది. మా మేస్త్రీకి మాత్రం చూపియ్యొద్దు తల్లీ. గడియారం లేకుండానే పొద్దుగూకినా ఒదలడు.”

సాయంత్రానికి ఏడో అడుగు మొదటి చుక్క మీదనే వచ్చి వాలింది. ఒక్కో భాగాన్ని సగాలు చేస్తూ పోతే యాభై ఆరు చుక్కలయ్యాయి.

పళ్లెం నుంచి కోసిన ఇత్తడి బిళ్లను వృత్తం నడిమధ్య పెట్టింది. పెద్ద వృత్తం మీది ఒక్కో చుక్క నుంచి నడిమికి బద్ద ఆనించి గీత గీసింది. రాతి మీద గింజంత తప్పు, బిళ్ల మీదికి వచ్చేసరికి కనపడకుండా పోయింది.

పాత చక్రం చేసినాయన కూడా ఇట్లాగే చేసి ఉంటాడా? ఏ రాతి మీద? ఏ పెరట్లో?

ఇక కోయడం.

కుడి చేత్తో, ఇత్తడిని అరగదీసే ఆకురాయి పట్టింది. ఒక పన్ను ఇటు వాలింది. ఒకటి అటు. పదో పన్ను విరిగిపోయింది.

పళ్లెంలో ఇంకొక్క బిళ్లకే చోటుంది.

పాత చక్రాన్ని ఎండలో వంచి చూసింది. పళ్ల పక్కలను ఆకురాయి గీసిన సన్నటి చారలు. పక్కన భర్త ఎప్పుడో చేసిన చక్రం పెట్టింది. ఆయన చారలు ఒక వైపు వాలాయి. పాత చక్రానివి రెండో వైపు.

చాలాసేపు చూసింది.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

ఆకురాయిని ఎడమ చేతికి మార్చి, తునక ఇత్తడి మీద ఒక్కసారి గీసింది.

అదే వాలు.

ఆ పేరు లేని మనిషి… ఆయన చేతి మీద కూడా ఎవరైనా గరిటె విరగ్గొట్టారా?

తొమ్మిది రోజులు. పెరటి గోడ చాటున. యాభై ఆరు పళ్లు.

నెలవంక చూసే రోజు పొద్దున, దుకాణంలో పనిపీట ముందు, చక్రాన్ని భర్త చేతిలో పెట్టింది. ఆయన గోరుతో పన్ను పన్నూ తడిమాడు. పాత చక్రం అడిగి తీసుకున్నాడు. దాన్నీ తడిమాడు.

“చెయ్యి ఒకటే,” అన్నాడు. “రెండూ ఒక్క చెయ్యే చేసినట్టుంది.”

ఆమె ఇత్తడి పొడి అంటిన వేళ్లను కొంగుకు తుడుచుకుంది.

“ఏ చేత్తో చేసినావు?”

“ఎడమ చేత్తో.”

“మసీదుది అని చెప్పినా గదా.”

“పాతది చేసినాయన గూడ ఎడమ చేత్తోనే చేసినాడు. ఇన్నేళ్లూ నమాజుకు వేళ చెప్పింది అదే గదా.”

ఆయన వేళ్లు ఆగిపోయాయి. పొర కమ్మిన కళ్లు వీధి వెలుగు వైపు తిరిగాయి. వీధి మొదట్లో హజరత్ వలి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నది వినపడింది. ఇటే వస్తున్నాడు.

“పదకొండో పన్ను లావుంది,” అన్నాడు బుడే సాహెబ్. పీట మీద నుంచి లేచాడు. “కూర్చో. ఆయన వచ్చేలోపల గీకు.”

ఏ చేత్తో అన్నది చెప్పలేదు.

ఆమె కూర్చుంది. ఆకురాయి ఎడమ చేతిలో కదిలింది. పచ్చటి పొడి రాలింది, మెత్తగా…

చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

ఆమె చెయ్యి మార్చలేదు.