కడగని రేకులు

విరిగిన ఎముకలకు వేసే టైటానియం రేకు నున్నగా ఉంటే దాని మీద ఎముక కణాలు సరిగా నిలవవు. కరీంనగర్‌లోని ఒక ప్రయోగశాలలో అంబదాస్ రేకుల్ని ఆమ్లంలో నానబెట్టి గరుకు చేసేవాడు. వందన వాటి మీద కణాలు పట్టుకునేలా ప్రోటీన్ పూత పూసేది. ఇక నుంచి రెండూ ఒకే రేకు మీద చేయాలని ప్రయోగశాల నడిపే జానకీబాయి మేడమ్ చెప్పింది. అది ఇద్దరికీ నచ్చలేదు.

"గా జిగురునీళ్లతోని ఏమైతది?" అంటూ అంబదాస్ ఆమె ద్రావణాన్ని సింకులో పారబోశాడు. వందన మళ్లీ తయారు చేసుకుంది. అతనితో మాట్లాడటం మాత్రం మానేసింది.

రేకుల మీద వేయాల్సిన కణాలు భూమన్నవి. మస్కట్‌లో లారీ గుద్ది దవడ పగిలి పెద్దపల్లికి తిరిగొచ్చిన మనిషి. ఆపరేషన్‌లో తీసిన ఎముక ముక్కను, "నాలెక్క దెబ్బ తిన్నోనికి పనికొస్తదంటే తీస్కోండ్రి" అని ఇచ్చేశాడు. దానిలోంచి పెరిగిన కణాలు కొద్దే.

ఆమ్లంలోంచి తీసిన రేకుల్ని పదేపదే కడగాలి; ఆమ్లం మిగిలితే కణాలు చస్తాయి. ఆ రోజు అంబదాస్ ఒక్కసారి నీళ్లలో ముంచి, ఫోన్‌లో మాట్లాడుతూ వందన బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వందన చూసింది. పిలవబోయి ఆగింది. 'పోనీ, వాని పరువే పోతది' అనుకుని పూత పూసేసింది. సాయంత్రం ఉన్న కణాలన్నీ అతను ఆ రేకుల మీదే వేశాడు.

మర్నాడు మైక్రోస్కోపులో ఒక్క కణమూ రేకును పట్టుకుని కనిపించలేదు. అన్నీ చచ్చి తేలుతున్నాయి.

"నీ పూతే చంపింది!" అని అరిచాడు అంబదాస్.

"నువ్వు రేకులు కడగలే. నేను చూసిన."

"చూసి గూడ చెప్పలే?"

"చెప్తే వినేటోనివా నువ్వు?"

అంతా విన్న జానకీబాయి కుర్చీలోంచి లేవలేదు. "గీ ముచ్చట భూమన్నకు మీరిద్దరే పోయి చెప్పుండ్రి" అంది.

పెద్దపల్లిలో భూమన్న వాళ్లను ఇంటి లోపలికి పిలవలేదు. వాకిట్లోనే నిలబడి విన్నాడు.

"తప్పయిందన్నా, నేను సరిగ కడగలే" అన్నాడు అంబదాస్. "ఈమె చూసి గూడ చెప్పలే."

"నిజమేనా చెల్లే?"

వందన దారంతా సర్దుకున్న మాటలు వదిలేసింది. "అవునన్నా."

"నన్ను కోసి తీసిన బొక్క ముక్క అది" అన్నాడు భూమన్న, సరిగా తెరుచుకోని దవడతో. "మీ పగకు గదే దొరికిందా? పోండ్రి."

తలుపు పడింది. రోడ్డు మీదకొచ్చాక అంబదాస్ ఆమె వైపు తిరిగాడు. "ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

బస్సు వచ్చింది. అతను ఎక్కాడు. ఆమె ఎక్కలేదు, తర్వాతి బస్సు కోసం ఆగింది.