డ్రాగన్ పొట్టలో అన్నం గిన్నెలు

వియత్నాంలోని హుయే రాజకోటలో పడమటి ద్వారం మరమ్మతు నాకప్పగించినప్పుడు నా చూపు ముందు పడింది గుండ్లు తిన్న గోడల మీద కాదు, కప్పు మీది డ్రాగన్ పొట్ట మీద. మా మేస్త్రీలు కొత్త పింగాణీ గిన్నెల్ని చేతులారా పగలగొట్టి, ఆ పెంకులతో డ్రాగన్లకు పొలుసులు అతుకుతారు. ఇంట్లో అన్నం తిన్న గిన్నె మాత్రం రాజుగారి కప్పెక్కడానికి వీల్లేదు. అలాంటిది, ఆ పొట్టలో ఐదు పెంకులు సంతలో దొరికే నాటు గిన్నెలవి! పైగా ఒకటి మిగతావాటికంటే బాగా వంపు తిరిగి ఉంది.

ఏదైనా తెలుసుకునేదాకా నాకు కాలు నిలవదు. ఆ వంపు పెంకును ఉలితో ఊడదీశాను. వెనకాల సున్నం తప్ప ఏమీ లేదు.

పెద్ద మేస్త్రీ లాప్ నిచ్చెనెక్కి వచ్చి నా చేతిలోది చూశాడు.

"ఎవరు తియ్యమన్నారమ్మా నిన్ను?"

"పాత ఫొటోలో ఇవి లేవు పెద్దయ్యా. ఐదూ తీసేసి కొత్తవి పెట్టమని పైనుంచి కాగితం వచ్చింది. అసలిది ఏ తలమాసినవాడి పనో!"

"నాదే. ఆ తలమాసినవాణ్ణి నేనే."

తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు.

ఇరవై ఏడేళ్ల కిందట, కొత్త సంవత్సరం పండగ నెలలో, కోట కోసం జరిగిన యుద్ధంలో ఆయన ఇల్లు కూలింది. తల్లి, భార్య, ముగ్గురు పిల్లలు పోయారు. డ్రాగన్ పొట్ట చిల్లుపడిందీ ఆ రోజుల్లోనే.

"వాళ్ల గిన్నెలు ఇంట్లో చూస్తూ ఉండలేకపోయాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. నాకొచ్చిన పని ఇదొక్కటేగా! తద్దినం నాడు ఊళ్లో అందరూ ఆ యుద్ధంలో పోయినవాళ్లకు ఇళ్లలో వడ్డిస్తారు. నేనిక్కడికొచ్చి కింద నిలబడతా."

"మరి ఇంత వంపున్న ఈ చిన్న గిన్నె పెంకూ?" అడక్కుండా ఉండలేకపోయాను.

"మా చిన్నదానిది. పెద్ద గిన్నె దాని చేతిలో ఇమిడేది కాదు."

జేబులోంచి పైవాళ్ల కాగితం తీసి, దాని మీదే 'ఐదు పెంకులు కదపరాదు' అని రాసి సంతకం పెట్టాను. పైవాళ్లు ఏమన్నా అననీ!

"తప్పయిపోయింది పెద్దయ్యా. మీరే పెట్టెయ్యండి."

"తీసినదానివి నువ్వే పెట్టు. దాన్ని రెండోసారి నా చేత్తో పూడ్చలేను."

తడి సున్నం పూసి, పెంకును దాని చోట ఉంచి, బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. చెయ్యి లాగేస్తోంది.

"ఇక వదిలెయ్యనా పెద్దయ్యా?"

"ఇంకాసేపు పట్టుకో," అన్నాడు లాప్. "కుదురుగా ఉండే రకం కాదది."