పోపుగారి గీత

తొమ్మిదో తరగతి గదిలో బెంచీలు తప్ప ఎవరూ లేరు. బాలస్వామి మాస్టారు హాజరు పట్టీ మూసి, తువ్వాలు భుజాన వేసుకుని, మిరప కల్లం దారి పట్టాడు. కాయ ఎండే రోజుల్లో పిల్లలంతా అక్కడే, తల్లుల పక్కన రంగుపోయి తెల్లబారిన తాలు కాయలు ఏరుతూ ఉంటారు. మామూలుగా అయితే ఊరుకునేవాడే. కానీ ప్రభుత్వం రిటైర్మెంటు వయసును యాభై అయిదుకు దించేసింది. ఈ సాయంత్రంతో ఆయన ఉద్యోగం సరి! చరిత్రలో పోర్చుగీసువాళ్ల పాఠం ఇంకా మిగిలిపోయింది. ఆ పాఠమంటే మనిషికి పిచ్చి, చెప్పకుండా పోతే అన్నం సయించదు.

పొట్టి మనిషి, చొక్కా జేబు కింద ఎర్రసిరా మరక. కల్లంలో అడుగుపెడుతూనే ఘాటుకు వరసగా తుమ్మాడు.

"ఒరేయ్, పుస్తకాలు అక్కర్లేదు. పాఠం మీ ముందే ఎండుతోంది!"

"పని చెడగొట్టకండి మాస్టారూ," అంది కల్లం యజమానురాలు సుబ్బరావమ్మ.

"చేతులు మీవే, చెవులు మాత్రం నాకివ్వండి తల్లీ. ఈ మిరపకాయ మనది కాదు, తెలుసా? పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి వచ్చింది!"

"చాల్లెండి! మా అత్తగారి అత్త కూడా గొడ్డుకారమే తింది," అంది కూలికొచ్చిన కొండమ్మ. కల్లమంతా గొల్లుమంది.

ఆయనకు ఎక్కడ లేని హుషారు వచ్చింది. పాదంతో కాయలు నెట్టి, నేల కనబడేలా పొడుగ్గా గీత తీశాడు. "ఇది పోపుగారి గీత. కొత్తగా దొరికే భూముల్లో అటువన్నీ స్పెయిను రాజుకి, ఇటువన్నీ పోర్చుగల్లు రాజుకి!"

"పోపంటే మన పాస్టరయ్యలాంటోరా?" అన్నాడో పిల్లాడు.

"ఇంకా పెద్దాయనలే, రోములో ఉంటాడు, మన సంఘం కాదు. ఇక చూడు! పోర్చుగీసువాళ్ల ఓడలో ఫిరంగులు, పక్కనే మతం బోధించే పాదిరీలు, కింద మిరియాల బస్తాలు. ఇంకొకడి ఓడ కదలాలంటే వీళ్ల అనుమతి చీటీ కావాలి!"

ఏరే చేతులు ఆగిపోయాయి. సుబ్బరావమ్మ చీపురు పక్కన పడేసి దగ్గరికి జరిగింది.

"ఒక్కమాట మాస్టారూ," అంది కొండమ్మ. "పంచుకునేముందు అక్కడుండే జనాన్ని అడిగారా?"

"లేదమ్మా! ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి అడగలేదు!"

"అయితే నేనొప్పుకోను."

కొండమ్మ లేచి రెండు చేతులా కాయలు గీతలోకి తోసింది. పిల్లలంతా కేకలు పెడుతూ ఎగబడ్డారు. తుమ్ములు, నవ్వులు. గీత కనబడకుండా పోయింది. "నా కాయ గుట్ట చేశారు గదే!" అని సుబ్బరావమ్మ అరిచింది గానీ, తనూ నవ్వుతోంది. మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఇంత సంతోషం ఏ తరగతి గదిలోనూ ఆయన ఎరగడు.

రోడ్డు మీద మాస్టారు ఎక్కాల్సిన బస్సు హారను వినిపించింది.

"రేపేం పాఠం మాస్టారూ?" కొండమ్మ అడిగింది.

"వస్తానమ్మా," అన్నాడు. ఎప్పుడన్నది చెప్పలేదు.

ఆయన జేబులోంచి జారిన సుద్దముక్క ఎర్రటి కాయల్లో తెల్లగా కనబడుతోంది. తాలు ఏరే చేతులు చీకటిపడేదాకా దాని చుట్టూ తిరిగాయి గానీ, దాన్ని మాత్రం ఏరి పారేయలేదు.